మగవాళ్లను అడగని మూడు ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి వంద మందిలో సుమారు ఒకరు మగవారు. వైద్య విద్యార్థులందరూ చదువుకునే సంగతే ఇది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఈ మాట అంటే మాత్రం వినేవాళ్లు నమ్మరు. ఛాతీలో గడ్డ చేతికి తగిలిన మగవాడు కూడా నమ్మడు, అందుకే దవాఖానకు ఆలస్యంగా వస్తాడు. వందలో ఆ ఒక్కడి కోసం ప్రచారం చేయాలా? ఉన్న కొద్దిపాటి సిబ్బందిని, డబ్బును మిగతా తొంభై తొమ్మిది మందికే వాడాలా? దీని మీద ఇక్కడ ఇద్దరు వాదించుకుంటారు. ఒకరు మానుకోట (మహబూబాబాద్) ప్రాంతంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన. మరొకరు ఆయన అన్న బిడ్డ, భూపాలపల్లి దగ్గరి ఒక పల్లె దవాఖానలో నర్సు. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. వాళ్లు చెప్పే లెక్కలు, వైద్యం సంగతులు మాత్రం నిజమైనవి.

పెద్దాయన: ఏం బిడ్డా, మగవాళ్లకు గూడ రొమ్ము క్యాన్సర్ మీద చెప్పాలంటున్నవట. జర ఆలోచించు. మన మూడు జిల్లాలు కలిపితే 2011 లెక్కల ప్రకారం పదిహేడు లక్షల పైచిలుకు జనం. అందుల సగం మగవాళ్లు. ఈ జబ్బు వచ్చేటోళ్లు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అదే నోటి క్యాన్సర్ తీస్కో. తంబాకు నలిపి పెదవి కింద పెట్టుకోని చేనుకు పోయేటోళ్లు, గుట్కా లేనిది లారీ తోలనోళ్లు, బీడీ ఆరనియ్యనోళ్లు ఏ ఊర్ల లేరు? బీపీ గోలి మధ్యల ఆపేసి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డోళ్లు ఏ వాడకట్టుల లేరు? మగవాడికి ఆరోగ్యం గురించి చెప్పాలనుకుంటే ముందు అవి చెప్పు.

నర్సమ్మ: అవి చెప్పొద్దని నేనంటలేను చిన్నాయనా, చెప్తనే ఉన్నం. నేనడిగేది కొత్త మిషను గాదు, కొత్త స్కీము గాదు. ఆశ అక్క చేతిల ఉన్న కాయితం గురించి అడుగుతున్న. సీబ్యాక్ ఫారం గుర్తున్నదా? ముప్పై ఏండ్లు నిండిన ప్రతి మనిషికీ నింపాలె. మొదటి భాగంల వయసు, తంబాకు, మందు, నడుము కొలత, ఒళ్లు వంచి పని చేస్తరా లేదా, ఇంట్ల ఎవరికన్న బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నదా అని మార్కులేస్తరు. నాలుగు దాటితే ముందుగాల పరీక్షకు తోలుతరు. రెండో భాగం లక్షణాలది. రెండు వారాలు దాటిన దగ్గు, తెమడల రక్తం, నోట్ల మానని పుండు, ఇవి ఆడ మగ అందర్నీ అడుగుతరు. దాని కింద ఆడవాళ్లకు మాత్రమే అని ఇంకో ముక్క ఉంటది. రొమ్ముల గడ్డ ఉన్నదా, చనుమొన నుంచి రక్తం కారుతున్నదా, రొమ్ము ఆకారం గానీ సైజు గానీ మారిందా. ఈ మూడు ప్రశ్నలు అండ్లనే ఉన్నయి. గర్భసంచికి సంబంధించినవి ఆడవాళ్లకే ఉండాలె, కాదనను. ఈ మూడింటిని మాత్రం పై భాగంలకు జరపాలె.

పెద్దాయన: జరుపుడు అల్కనే. అడిగేదెవరు? ఆశ అక్క మెడకు ఇప్పటికే ఎన్ని పనులు తగిలించినమో నాకు తెలుసు. గర్భిణుల లెక్క, టీకాలు, టీబీ మందులు, కుష్టు సర్వే. మనిషికి మూడు ప్రశ్నలు పెరిగితే ఊరు మొత్తం మీద ఎంత అయితదో లెక్కేసుకో. ఇంకోటి, ఆడవాళ్లకే ఇప్పుడిప్పుడు ఒక దారి పడ్డది. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ మొదలుపెట్టిన్రు. మంగళవారం వస్తే ఆడవాళ్లకు వాళ్లదే ఓపీ, అండ్ల రొమ్ము పరీక్ష గూడ ఉన్నది. సిగ్గుతోటి ఏండ్ల కొద్దీ రానోళ్లు ఇప్పుడు వస్తున్నరు. ఆ చోట మగవాణ్ణి కూసోబెడితే వచ్చేటోళ్లు గూడ ఆగిపోతరు.

నర్సమ్మ: మంగళవారం ఓపీల మగవాణ్ణి కూసోబెట్టమని ఎవరన్నరు? మగవాడు సోమవారం రానియ్యి, మామూలు ఓపీకే రానియ్యి. వస్తే వెనక్కి తోలొద్దంటున్న.

పెద్దాయన: నువ్వు నర్సువు, నీకు నేను చెప్పొద్దుగానీ, పరీక్షలకు ఒక పద్ధతి ఉన్నది. 1968లనే విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిన్రు. జనం మొత్తాన్ని పిలిచి పరీక్ష చెయ్యాలంటే ఆ జబ్బు ఆ సమాజంల పెద్ద సమస్య అయి ఉండాలె, పెట్టే ఖర్చుకు ఫలితం దక్కాలె. ఆడవాళ్ల సంగతే చూడు. బొంబాయిల టాటా ఆస్పత్రోళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లను ఇరవై ఏండ్లు చూసిన్రు. ఆరోగ్య కార్యకర్త చేతితోటి చేసే రొమ్ము పరీక్ష మీద. 2021ల లెక్క బయటపెట్టిన్రు. జబ్బు ముందు దశలనే దొరికింది. చావులు గట్టిగ తగ్గినయని చెప్పగలిగింది మాత్రం యాభై ఏండ్లు దాటినోళ్లల్లనే, వాళ్లల్ల ముప్పై శాతం దాకా తగ్గినయి. లక్షన్నర మందిని చూస్తే తేలింది అంత. మగవాళ్ల దగ్గర ఏం తేలుతది?

నర్సమ్మ: ఏం తేలదు. మగవాళ్లను వరుసలో నిలబెట్టి పరీక్ష చేసుడు దండుగ పనే. నువ్వు చెప్పేది స్క్రీనింగ్ చిన్నాయనా. ఏ బాధా లేనోణ్ణి పిలిచి వెతుకుడు. నేను చెప్పేది గడ్డ చేతికి తగిలినోణ్ణి తొందరగ పట్టుకునుడు. మగవాడికి ఛాతీల కొవ్వు తక్కువ. బఠానీ గింజంత గడ్డ ఉన్నా స్నానం చేసేటప్పుడు సబ్బు చేతికి తగులుతది. ఆడవాళ్లకన్న ముందే దొరకాల్సిన జబ్బు మగవాళ్లల్ల ముదిరినంక దొరుకుతది. గడ్డ కనపడకనా? కనపడ్డదాన్ని ఎవరూ అడగక, ఆయన చెప్పక. అమెరికాల పదహారు వేల మంది మగ రోగులను, పద్దెనిమిది లక్షల మంది ఆడ రోగులను పక్కపక్కన పెట్టి 2019ల లెక్క తీసిన్రు. అయిదేండ్లు బతికినోళ్లు ఆడవాళ్లల్ల 86.4 శాతం, మగవాళ్లల్ల 77.6. ఆ తేడాకు వయసు ఒక కారణం, ముదిరినంక వచ్చుడు ఇంకో కారణం, వైద్యం సరిగ్గ అందకపోవుడు మరో కారణం. అన్ని దవాఖానలున్న దేశంలనే అట్ల ఉన్నది.

పెద్దాయన: సరే, అడగాలనే అనుకుందాం. ఆశ అక్క ఆ ఊరి కోడలు. మగవాణ్ణి నీ రొమ్ముల గడ్డ ఉన్నదా అని ఎట్ల అడుగుతది? అడిగితే అరుగు మీద కూసున్నోళ్లంత నవ్వుతరు. ఆడోళ్ల జబ్బు నన్నడుగుతవా అని వాడు లేచి పోతడు.

నర్సమ్మ: మందు తాగుతవా, ఎంత తాగుతవు అని అడుగుతున్నది గదా? దానికన్న సిగ్గు మాటనా ఇది? ఇంకో సంగతి చూడు. ఫారం నింపేటప్పుడు ఆశ అక్క మగవాడి నడుముకు టేపు చుడుతది. తొంభై సెంటీమీటర్లు దాటిందా, నూరు దాటిందా అని చూస్తది. ఎండాకాలం ఊర్ల మగవాళ్ల ఒంటి మీద అంగీ ఉండదు, భుజాన తువ్వాల ఉంటది. టేపు పట్టిన చేతికి జానెడు పైనే ఛాతీ. ఒక చనుమొన లోపలికి గుంజుకపోయి ఉంటే, దాని చుట్టు తోలు ముడతపడి ఉంటే కంటికే కనపడ్తది. అన్నా, ఇక్కడ గడ్డేమన్న తగుల్తున్నదా, ఎన్ని దినాలైంది అని అడిగితే చాలు.

ఇక్కడ నేను కొంచెం కలగజేసుకోవాలి. ఈ ప్రాంతపు తాటివనాల్లో కల్లు గీసే మనిషి ఛాతీని దగ్గర నుంచి చూసినవాళ్లకు నర్సమ్మ మాట బాగా అర్థమవుతుంది. మోకు నడుముకు బిగించి, కాళ్లకు గుజి వేసుకుని, చెట్టును కావలించుకుని పైకి పోతాడు. తాటి బెరడు రాసుకుని రాసుకుని రొమ్ము మీది చర్మం గరుకుదేరి, అక్కడక్కడ నల్లగా కాయ కాసి ఉంటుంది. గీరుకుపోయిన మచ్చ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. అట్లాంటి ఒంటి మీద చనుమొన కింద గట్టిగా ఒక గడ్డ తగిలితే ఆయనకు మొదట తట్టేది క్యాన్సర్ కాదు. చెట్టు రాపిడి అనుకుంటాడు, పసుపు పెట్టిస్తాడు, మళ్లీ చెట్టెక్కుతాడు. చంకలో బిళ్లలు కట్టినా చేతికి ఎక్కడో ముల్లు గుచ్చుకుందనే అనుకుంటాడు. నొప్పి ఉంటే ముందే వచ్చేవాడేమో. ఈ గడ్డ చాలామందిలో నొప్పి పెట్టదు, ఆలస్యానికి అది కూడా కారణమే.

పెద్దాయన: చెట్టు రాపిడి అనుకునేటోణ్ణి భయపెట్టుడు వేరే ముచ్చట. మీసాలు రాని పిల్లల సంగతేంది? పదమూడు, పద్నాలుగేండ్ల పిలగాండ్లల్ల సగం మందికి రొమ్ము కొంచెం ఉబ్బుతది. బళ్లె వెక్కిరింపులకే సగం చచ్చిపోతరు. రేపు నువ్వు మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ అని పోస్టరేస్తే ఆ పిల్లల తల్లులు దవాఖాన ముంగట వరుస కడతరు. ముసలోళ్లు గూడ అంతే. గుండెకు డిజాక్సిన్ వాడేటోనికి, కడుపుల నీరు తగ్గనీకి స్పైరనోలాక్టోన్ వాడేటోనికి రొమ్ము పెరుగుడు మామూలే. అందరికీ ముక్క పరీక్ష చేస్తవా?

నర్సమ్మ: చెయ్య. తేడా చెప్పొచ్చు గాబట్టే చెప్పాలంటున్న. వయసు పిల్లలకు ఉబ్బేది చనుమొనకు సరిగ్గ కింద, గుండ్రంగ, రబ్బరు బిళ్ల లెక్క ఉంటది. ముట్టుకుంటే నొప్పి ఉంటది, ఎక్కువ సార్లు రెండు దిక్కుల ఉంటది. రెండేండ్లల్ల దానంతట అదే తగ్గుతది. క్యాన్సర్ గడ్డ ఒక దిక్కే ఉంటది, రాయి లెక్క గట్టిగుంటది, చనుమొనకు నడిమధ్యల కాకుండ పక్కకు జరిగి ఉంటది, కదిలిస్తే కదలదు. నడిమి మూడు వేళ్ల మెత్తటి భాగంతోటి, పక్కటెముకలకు ఆనించి మెల్లగ ఒత్తుకుంట చనుమొన చుట్టు తిరిగి, అక్కడి నుంచి చంకలకు పోవాలె. నిమిషం పని. తెల్వకపోతే డాక్టరు అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ తీయిస్తడు, అనుమానముంటే ముక్క పరీక్ష. ఆ పిల్లలకు గూడ నీది క్యాన్సర్ గాదు బిడ్డా, అందరికీ అయ్యేదే అని ఒకరు చెప్పాలె గదా? మనం నోరు మూసుకుంటే వాళ్లకు భయమూ పోదు, సిగ్గూ పోదు.

పెద్దాయన: మరి ఎవరికి వచ్చేది ఎక్కువ? గురి లేని ప్రచారం గాలికి పోయినట్టే.

నర్సమ్మ: అరవై దాటినోళ్లకు ఎక్కువ. మన దేశంల ఇంకొంచెం ముందే గూడ కనపడ్తది. లివర్ చెడినోళ్లకు ముప్పు ఉన్నది. ఈస్ట్రోజన్ అనేది మగవాడి ఒంట్ల గూడ కొంచెం ఉంటది, దాన్ని కరిగించి పంపేది లివరే. తాగి తాగి లివర్ గట్టిపడితే అది ఒంట్లనే నిలుస్తది. ఒళ్లు బాగ వచ్చినోళ్లకూ అంతే, కొవ్వే మగ హార్మోనును ఈస్ట్రోజన్‌గ మారుస్తది. అంటే నువ్వు మందు మానుమని, పొట్ట తగ్గించుమని చెప్పే మాటలకే ఇదొక కారణం తోడైతది. వృషణాలు కిందికి దిగనోళ్లు, పుట్టుకతోటే ఎక్స్ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువున్నోళ్లు, చిన్నప్పుడు ఛాతీకి కరెంటు పెట్టించుకున్నోళ్లు గూడ జాగ్రత్తగ ఉండాలె. అన్నిటికన్న ముఖ్యం ఇంటి చరిత్ర.

పెద్దాయన: ఇంటి చరిత్ర ఆడవాళ్లను అడుగుతనే ఉన్నం గదా. అమ్మకు ఉన్నదా, అక్కకు ఉన్నదా అని.

నర్సమ్మ: నాయినకు ఉన్నదా అని ఎవరన్న అడిగిన్రా?

పెద్దాయన ఇక్కడ వెంటనే జవాబు చెప్పలేదు. ఈ సంవాదమంతటికీ ఇదే కీలకమని నా అభిప్రాయం.

నర్సమ్మ: బీఆర్‌సీఏ2 అనే జన్యువుల లోపముంటే మగవాడికి జీవితకాలంల ఈ జబ్బు వచ్చే అవకాశం వందకు ఏడు దాకా ఉంటది. మామూలు మగవాడికి వెయ్యికి ఒకటి. ఈ జబ్బు వచ్చిన మగవాళ్లల్ల పదిమందిల ఒకరి దాకా ఆ లోపం ఉంటది. ఆ మనిషి బిడ్డకు, కొడుక్కు అది వచ్చే అవకాశం సగానికి సగం. బిడ్డకు వస్తే ఆమెకు జీవితకాలంల రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సగం దాటుతది, అండాశయ క్యాన్సర్ ముప్పు వేరే. అమెరికాల పాటలు పాడే బియాన్సే నాయిన మాథ్యూ నోల్స్, 2019ల తనకు రొమ్ము క్యాన్సర్ అని బయటపెట్టి, బీఆర్‌సీఏ2 ఉన్నదని గూడ చెప్పిండు. ఎందుకు చెప్పిండు? పిల్లలు పరీక్ష చేయించుకోవాలని. మన ఊర్ల నాయిన గడ్డను దాస్తే ఆయన ఒక్కడి పానానికే గాదు, బిడ్డల పానానికి గూడ ముప్పే. ఆడవాళ్ల ఆరోగ్యం కోసమే నువ్వు మాట్లాడుతున్నవు గదా చిన్నాయనా. ఆడవాళ్ల కోసమన్నా మగవాణ్ణి అడగాలె.

పెద్దాయన: అది ఒప్పుకుంట బిడ్డా. నాయిన సంగతి అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. అయినా నా భయం నాకున్నది. అడిగినం, గడ్డ ఉన్నదన్నడు. ఆ తర్వాత? భూపాలపల్లికి రైలు లేదు. వరంగల్‌కు అరవై కిలోమీటర్ల పైన. ఆడవాళ్లకు బస్సు ఉచితం, వీడు టికెట్టు కొనుక్కోవాలె, కూలి పోతది. దారి చూపకుండ ప్రశ్న అడుగుడు పాపం.

నర్సమ్మ: దారి మునుపటి లెక్క లేదు. మానుకోటకు 2022ల, జనగామకు, భూపాలపల్లికి 2023ల సర్కారు మెడికల్ కాలేజీలొచ్చినయి. మెడికల్ కాలేజీ అంటేనే సర్జన్ ఉండాలె, పాథాలజీ ఉండాలె. ముక్క తీసుడు జిల్లాలనే అయితే, జబ్బు ఖాయమైనంకనే హైదరాబాద్ పోవచ్చు. రెడ్‌హిల్స్‌ల ఎంఎన్‌జే దవాఖాన 1955 నుంచి ఉన్నది. ఆరోగ్యశ్రీ పది లక్షల దాకా పెంచిన్రు. జనగామ నుంచి, మానుకోట నుంచి సికింద్రాబాద్‌కు రైలున్నది. భూపాలపల్లోళ్లకే కష్టం. వాళ్ల సంగతి మాత్రం నీతోటి కలిసి నేను గూడ అడుగుత: ఆపరేషన్‌కు, మందుకు పోయే మగ రోగికి బస్సు పాసు ఇయ్యాలె.

పెద్దాయన: సింగరేణోళ్ల సంగతి వేరే. వాళ్లకు కంపెనీ దవాఖాన ఉన్నది.

నర్సమ్మ: వాళ్ల దగ్గర ఇంకా అల్క. బొగ్గుబాయి కార్మికులకు గనుల చట్టం ప్రకారం కొన్నేండ్లకోసారి పీఎంఈ అని ఆరోగ్య పరీక్ష చేస్తరు. అంగీ విప్పిస్తరు, ఛాతీ ఎక్స్‌రే తీస్తరు, ఊపిరితిత్తుల దుమ్మేమన్న పట్టిందా చూస్తరు. ఎక్స్‌రేల చనుమొన కింది గడ్డ తేలాలని లేదు. స్టెతస్కోప్ పెట్టే చేతితోటే రెండు దిక్కుల తడిమి చూస్తే అయిపోతది. పైసా ఖర్చు లేదు.

పెద్దాయన: ఆరెంపీలను మర్చిపోతున్నవు. గడ్డ ఉన్నోడు నీ పల్లె దవాఖానకు రాడు, ఆరెంపీ దగ్గరికి పోతడు. ఆయన సూది వేస్తడు, చీము గడ్డ అని కోస్తడు గూడ. నేను సర్వీసుల ఉన్నప్పుడు మెడ గడ్డల దగ్గర అట్ల అయింది చూసిన. కోస్తే లోపలిది చెదిరి కేసు కరాబైతది.

నర్సమ్మ: మంచి మాట చెప్పినవు. ఆరెంపీలకు చెప్పాల్సింది ఒక్కటే: మగవాడి రొమ్ముల గట్టి గడ్డను కొయ్యొద్దు, పంపు.

పెద్దాయన: పంపినం, ఆపరేషన్ అయింది. ఆ తర్వాత వాడు మంచిగనే ఉంటడు గదా? ఆడవాళ్లకున్నంత బాధ మగవాడికి ఉండదు.

నర్సమ్మ: ఎవరు చెప్పిన్రు? మగవాడికి సాధారణంగ రొమ్ము మొత్తం తీసేస్తరు, చంకల బిళ్లలు గూడ తీస్తరు. ఆ చెయ్యి వాచే ప్రమాదం జన్మంతా ఉంటది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు, మిరప చేన్ల మందు కొట్టేటప్పుడు, కంచె నాటేటప్పుడు గీరుకపోకుండ చూసుకోవాలె. గోడకు నిలబడి వేళ్లు మెల్లగ పైకి పాకించాలె, లేకుంటే భుజం పట్టేస్తది. గీత కార్మికుడైతే మళ్లీ ఎప్పుడు చెట్టెక్కాలో డాక్టరు చెప్పాలె. పదిమందిల తొమ్మిదిమంది మగ రోగులకు ఈ గడ్డ హార్మోనుతోటి పెరిగే రకం. అంటే టామాక్సిఫెన్ గోలి అయిదేండ్లు వాడాలె. అది చౌక గోలి, పానం నిలబెట్టే గోలి. కానీ ఒళ్లు ఆవిర్లు కమ్ముతది, భార్య దగ్గరికి పోవాలన్న కోరిక తగ్గుతది, కాలి పిక్కల రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంచెం ఉంటది. ఇవేవీ ముందు చెప్పకపోతే మగవాడు ఆర్నెల్లకే గోలి బంద్ చేస్తడు, ఎందుకు బంద్ చేసిండో ఎవ్వరికీ చెప్పడు. ఈ జబ్బు మీద అచ్చేసిన కాయితాలన్నీ నెలసరి గురించి, గర్భం గురించే చెప్తయి. అండ్ల ఆయనకు పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. ఓపీల వరుసల కూసుంటే ఎవరి వెంట వచ్చినవన్నా అని అడుగుతరు.

పెద్దాయన: అయితే ఒక పని చేద్దాం. గులాబీ జెండాలు, ర్యాలీలు మగవాళ్ల కోసం వద్దు. ఆ డబ్బు ఆడవాళ్ల పరీక్షలకే పోనియ్యి. నీ మూడు ప్రశ్నలు పైకి జరుపుదాం. కానీ మొదట అరవై దాటినోళ్లకు, ఇంట్ల జబ్బు చరిత్ర ఉన్నోళ్లకు అడుగుదాం. ఆశ అక్కల మీద ఒక్కసారే రుద్దొద్దు.

నర్సమ్మ: నలభై నుంచి మొదలుపెట్టు. మన దగ్గర ముందే వస్తున్నదంటున్న గదా.

పెద్దాయన: యాభై.

నర్సమ్మ: వయసు మీద నేను ఒప్పుకోను చిన్నాయనా. ఫారం ముప్పైకి నింపుతున్నప్పుడు ప్రశ్నకు మళ్లా వేరే వయసెందుకు?

అక్కడికి వాళ్లిద్దరి మాట ఆగింది. వయసు దగ్గర ఆమె మాటే నాకు సరైనదనిపిస్తుంది. ఒకే ఫారంలో ఒక్కో ప్రశ్నకు ఒక్కో వయసు పెడితే నింపేవాళ్లకే తికమక. ప్రచారం డబ్బు విషయంలో పెద్దాయన మాట న్యాయం. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ తేలిన ఆడవాళ్లు లక్షా తొంభై రెండు వేల మంది. వాళ్లకు దక్కాల్సింది ఇంకా దక్కలేదు. వాళ్ల వాటాలో కోత పెట్టి మగవాళ్ల కోసం ఖర్చు చేయమని ఎవరూ అడగకూడదు. వందకు ఒకటి లెక్కన ఏటా రెండు వేలకు దగ్గరగా ఉండే మగ రోగులకు కావలసింది ఒక కాగితం మీద మూడు వాక్యాలు చోటు మారడం, వాటిని అడిగే మనిషికి ఒక పూట శిక్షణ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా వైద్యాధికారులు పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఆశల నెలవారీ సమావేశంలో ఈ మాట చెప్పవచ్చు.

చదువుతున్న మగవాళ్లకు ఒక మాట. స్నానం చేసేటప్పుడు రెండు చనుమొనల చుట్టూ, చంకల్లోనూ వేళ్లతో ఒత్తి చూసుకోండి. ఒక వైపే గట్టి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం గానీ నీరు గానీ కారినా, మానని పుండు పడినా రెండు వారాలకు మించి ఆగకండి. కోయించకండి, పసరు కట్టకండి. మీ పీహెచ్‌సీ డాక్టరుకు అంగీ విప్పి చూపించండి, జిల్లా ఆస్పత్రిలో ముక్క పరీక్ష రాయమని అడగండి. జబ్బు అని తేలితే ఆ సంగతి మీ అక్కాచెల్లెళ్లకు, కూతుళ్లకు, కొడుకులకు తప్పకుండా చెప్పండి.